మేకతోలు గురుగ్రహం

ముందు వినిపించింది ఊపిరి.

బడి పాక వెనకనుంచి కొలిమి తిత్తి లాంటి చప్పుడు వస్తోంది. ఉస్స్ మని ఒక పొడవాటి గాలి, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ ఉస్స్. కొలిమి అయితే వెంట ఇనుము మీద సమ్మెట దెబ్బ పడాలి. ఇక్కడ ఆ దెబ్బ లేదు. ఎవరో తన లోపలి గాలినంతా ఇంకెవరికో పోస్తున్నట్టు ఉంది. చలికాలం చివరి ఎండ పాక కప్పు మీద పిల్లిలా పడుకుని ఉంది. సైకిలు గోడకు ఆనించి పాక చుట్టూ తిరిగి వెళ్లాను.

జ్ఞానమ్మ నేలమీద గొంతుక్కూచుని, మేకతోలు తిత్తిని ఒళ్లో పెట్టుకుని, దాని మెడకు నోరు ఆనించి ఊదుతోంది. బుగ్గలు ఉబ్బాయి. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నన్ను చూసి కూడా ఆపలేదు. తిత్తి గుండ్రంగా ఉబ్బిన తర్వాత మెడను పిడికిట బిగించి, నారతాడు చుట్టి, అప్పుడు మాట్లాడింది.

"ఈ ముడి మీద ఒక వేలు పెట్టండి సార్. గురువు జారిపోతుండాడు."

పెట్టాను. నా వేలికింద గురుగ్రహం వెచ్చగా ఉంది.

అది పందొమ్మిది వందల అరవై రెండు, ఫిబ్రవరి మొదలు. రాష్ట్రం పుట్టి ఆరేళ్లు నిండలేదు. మార్కాపురం బ్లాకులో నేను గ్రామసేవకుణ్ణి; ఎరువుల మాటా బావుల మాటా చెప్పుకుంటూ ఊళ్లు తిరగడం పని. రాళ్లవాగు అనే ఆ ఊళ్లో, మాదిగపల్లెలోని మిషను బడికి జ్ఞానమ్మ పంతులమ్మ. ముప్ఫై దాటని వయసు. సన్నటి మనిషి, పెద్ద గొంతు.

తండ్రి యాకోబు తంగేడు చెక్కతో తోళ్లు ఊని, అంటే నానబెట్టి పదును చేసి, కపిల బావులకు బానలు కుట్టేవాడు. ఎద్దులు వెనక్కీ ముందుకూ నడుస్తుంటే బావిలోకి దిగి నీళ్లు నింపుకుని పైకి వచ్చే తోలుసంచిని అక్కడ బాన అంటారు. ఆ చుట్టుపక్కల ఎక్కడ మిరపతోట పచ్చగా కనిపించినా దాని వేళ్ల దగ్గర యాకోబు కుట్టు ఉండేది. అట్లాంటి మనిషి కూతురు మొదటిసారి అక్షరాలు నేర్చుకోవడానికి పోతే, తోలు వాసన వస్తుందని అరుగు దిగి ఎండలో కూర్చోమన్నారు. ఆ ఎండలోనే కూర్చుని ఆమె అక్షరాలు నేర్చుకుంది. తర్వాత హాస్టలు, ట్రైనింగు, మళ్లీ తన పల్లె.

ట్రైనింగులో చదివిన పుస్తకంలో గ్రహాల బొమ్మ ఒకటి ఉండేదట. సూర్యుడు మొదలు చివరి గ్రహం దాకా అందరూ ఒకే పుటలో, పెళ్లి పంక్తిలో విస్తళ్ల ముందు కూర్చున్నట్టు పక్కపక్కన. ఆ పుట మీద ఆమెకు తీరని కోపం.

"ఎక్కడోళ్లను తెచ్చి ఎక్కడ కూర్చోబెట్టినారో చూడండి సార్. పుటలో చోటు చాలకపోతే చాలలేదని చెప్పొచ్చు గదా. అబద్ధమెందుకు?"

ఆ ఏడు ఆ పుటే దేశమంతా పరుచుకుంది. సూర్యచంద్రులనూ కేతువునూ కలుపుకుని ఎనిమిది గ్రహాలు మకరరాశిలో చేరుతున్నాయనీ, అష్టగ్రహ కూటమితో లోకం మునగడమో కాలడమో ఖాయమనీ ఊరూరా చెప్పుకున్నారు. కురిచేడు మీదుగా వచ్చే రైలు సగం ఖాళీగా వచ్చేది. పోతే ఇంట్లోనే పోదామని జనం ప్రయాణాలు మానుకున్నారు. ఊళ్లో పంచాంగం చెప్పే పంతులు గ్రహాలన్నాడు. పల్లెలో ప్రసంగం చేసి పోయిన మిషను అయ్యగారు అంత్యదినాలన్నాడు. పల్లెకు రెండు దిక్కులనుంచీ ఒకే భయం వచ్చి చేరింది.

ఆ భయానికి ఒక దుకాణం కూడా ఉంది. దాని యజమాని కొండలరావు, ఊళ్లో పెద్ద ఆసామి. ఊళ్లో హోమం పెట్టించింది ఆయనే. ఇంటింటా నెయ్యీ బియ్యమూ వసూలు చేశాడు. పల్లె బియ్యం హోమానికి పనికిరావు గనుక పల్లెవాళ్లు కట్టెలు కొట్టి పెట్టాలన్నాడు. కట్టెకు అంటు లేదు కాబోలు. వాళ్లు కొట్టి పెట్టారు. కట్టెలు మోస్తున్న వాళ్ల పక్కన నడుస్తూనే కొండలరావు మేకల బేరం ఆడాడు. "పోయేటప్పుడు మేకలను కట్టుకుపోతారా? నాకిచ్చి, వచ్చిన దాంతో నాలుగు పూటలు కడుపునిండా తినండి." సగం ధరకు మొదలుపెట్టి, హోమం దగ్గరపడే కొద్దీ ఇంకా తగ్గించాడు. కొన్న మేకలను తన దొడ్లో జాగ్రత్తగా మేపించాడు. ఆకాశం మీద పడబోతుంటే దొడ్డికి కొత్త తడికెలు కట్టించిన మనిషిని నేను ఆయన్నే చూశాను.

పల్లెలో మేకలు అమ్మనిది రోశమ్మ ఒక్కతే మిగిలింది. మొగుడు పోయిన మనిషి. ఆ మందే ఆమెకు మగదిక్కు, ఆ మందే ఆమెకు పొలం. ఆమె కూడా సరేనంది. నేను వచ్చిన ఆ పొద్దునే కొండలరావు పలుపుతాళ్లతో వచ్చి తోలుకుపోవాలి.

జ్ఞానమ్మ ముందురోజే పోయి బతిమాలింది. రోశమ్మ నెమ్మదిగా, పోట్లాట లేకుండా చెప్పిందట: "పోయేదానికి నాకు మేకలెందుకమ్మా? పిల్లలకు ఒక్కపూట వరన్నం పెట్టి పోతా."

"ఆ మాట విన్న కాడినించి అన్నం దిగలేదు సార్," అంది జ్ఞానమ్మ. "లోకం పోతాదని నిజంగా నమ్మినోడు మేకలెందుకు కొంటాడు? నమ్మకం ఈమెది, మేకలు ఆయనవా? ఈ పొద్దు ఈమెను నడిపించి చూపిస్తా. నోటితో చెప్పి చాలించుకున్నా."

అందుకే ఆ ఊదడం.

గ్రహాలను ఆమె రెండు జాతులుగా చేసింది. సూర్యుడి దగ్గరి నాలుగూ రాళ్లు. మార్కాపురం పలకల కార్ఖానాల వెనక పారబోసిన నల్లరాతి ముక్కలు తెచ్చి, బావిగట్టు మీద అరగదీసి గుండ్రం చేసింది. నిమ్మకాయంత భూమి, దాని జతగాడిలా శుక్రుడు, కాస్త చిన్నగా కుజుడు, రేగిపండంత బుధుడు. చిన్నవి, గట్టివి, చేతిలో పెట్టుకుంటే బరువు తెలిసేవి. దూరంగా తిరిగేవి గాలి గ్రహాలు. వాటికి నిలబడటానికి నేల ఉండదు. వాటిని ఆమె తోలుతో చేసింది. పోయిన వేసవిలో రోశమ్మ మందలోని బొల్లిపోతు చచ్చిపోతే యాకోబు తోలు చీలకుండా ఒలిచి తిత్తి చేసి ఉంచాడు, అది గురువు. ఇంకాస్త చిన్న తిత్తికి పాత జల్లెడ చట్రం తొడిగితే శని. ఇంకా అవతలి ఇద్దరికి తోళ్లు చాలలేదు. ఆ లెక్కన సూర్యుడు బడి పాకంత ఉండాలి. అంతది దొరకదు గనుక వాకిట్లో నిలువుగా పాతిన రాతికూసం మీద ఇత్తడి చెంబు బోర్లించింది. దూరాలు కూడా కుదించానని ముందే చెప్పింది. కుదించకుండా పెడితే గురువును పట్టుకోవడానికి పక్క ఊరి మనిషిని అడగాల్సి వస్తుందంది.

యాకోబు గురువును ఎత్తుకుని రాగి కోసిన చేలో నడుమ దాకా పోయి కూర్చున్నాడు. ఆయన భార్య ఎలీషబా శనిని చంకన పెట్టుకుని వాగు గట్టు మీదకు పోయింది. జ్ఞానమ్మ పోయి రోశమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పాక అరుగు మీద కూర్చోబెట్టి, నల్లరాతిని చేతిలో పెట్టింది.

"ఇది భూమి అత్తా."

రోశమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఇంతేనా? మన ఊరెక్కడుంది ఇందులో?"

"ఊరే కనపడదు. ఇంక పల్లె ఏం కనపడతాది."

"పల్లె కనపడకపోవడం కొత్తేముందిలే."

"ఒక కన్ను మూసి అటు చూడు. గ్రహాలెట్ల ఉండాయి?"

వాకిట్లో కూసాల మీద రాళ్లు, ఇత్తడి చెంబు, వాటి వెనక యాకోబు, ఇంకా వెనక ఎలీషబా. అన్నీ ఒకే గీత మీద. రోశమ్మ కన్ను మూసి, మెడ సాచి, చాలాసేపు చూసింది.

"ఒకదాని మీద ఒకటి ఎక్కుండాయి. సంతలో మేకల మాదిరి."

"అదే కూటమి. పంచాంగం చూసేది గూడా ఇంతే. ఇప్పుడు లేచి గురువు దాకా పోయి రా."

రోశమ్మ లేచింది. బుధుడిని దాటింది, చెంబును దాటింది, ఆ దినాల్లో సూర్యుడికి అవతల ఉన్న శుక్రుడిని, కుజుడిని దాటింది. ఆకూవక్కా నోట్లో వేసుకున్నంత సేపట్లో రాళ్లన్నీ అయిపోయాయి. ఆ తర్వాత ఏమీ లేదు. ఉత్త నేల. కోసిన రాగి మోళ్లు కాళ్లకు గుచ్చుకుంటుంటే పోతూనే ఉంది. వెనక్కి తిరిగి చెంబు వైపు ఒకసారి చూసి మళ్లీ నడిచింది. చివరికి యాకోబు దగ్గర నిలబడి అడగడం గాలిలో వినిపించింది.

"ఏంది మామా, ఇంత దూరమొచ్చి కూర్చున్నావు?"

"గురువును గదా మరి. పన్నెండేండ్లు పడతాది నాకు ఒక్క చుట్టు తిరగాలంటే. తొందరేముంది."

"మా బొల్లిపోతు బాగుండాడా?"

"నీ దగ్గరున్నప్పటికన్నా ఒళ్లు చేసినాడు."

రోశమ్మ తిత్తిని ఒకసారి నిమిరి, శని వైపు చూసి ఎలీషబాను పిలిచింది. ఎలీషబా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది గానీ మాట చేరలేదు. తిరిగి వచ్చి అరుగు మీద కూలబడి, కాళ్లలో గుచ్చుకున్న మోళ్లు తీసుకుంటూ అంది:

"వీళ్లకు ఒకరి మాట ఒకరికే వినపడదు గదే. కలిసి కుట్ర ఎట్ల చేస్తారు?"

జ్ఞానమ్మ నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వింది అప్పుడే. "ఇంకా ఇద్దరుండారు అత్తా. యురేనస్, నెప్ట్యూన్. పంచాంగానికి వాళ్ల పేరు గూడా తెలీదు. ఈ కూటమికి వాళ్లు రానే లేదు."

"పిలిచుండరు," అంది రోశమ్మ. తనకు తెలిసిన సంగతే అన్నట్టు.

కానీ భయం అంత తేలిగ్గా పోయేది కాదు. చేతిలోని రాతిని చూస్తూ మళ్లీ అడిగింది. "దూరమే, కాదనను. అయితే ఇది ఇంత, అది అంత. అంతటోడు అక్కడినించి ఊదినా మనం ఎగిరిపోమా? వాడి లోపలేముంది?"

"గాలి. మన మీద పడే గాలి కాదు, వాడి గాలి వాడిది. వెయ్యి భూములు పడతాయి వాడి కడుపులో, అయినా దిగి నిలబడదామంటే నేల దొరకదు. ఆ శని ఇంకా తేలిక. పట్టేంత చెరువుంటే కంభం చెరువులో సొరకాయబుర్ర మాదిరి తేలతాడు."

"చెప్తావులే," అంది రోశమ్మ. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. దొడ్లో మేకలు అరిచాయి. ఆమె అటు చూసింది. పిల్లలకు పెట్టాలనుకున్న ఆ ఒక్కపూట అన్నం ఆమె మొహంలో ఇంకా ఉంది.

అప్పుడే కొండలరావు వచ్చాడు. వెంట ఒక జీతగాడు, వాడి భుజం మీద పలుపుతాళ్లు, చేతిలో కొడవలి. ఊరివైపునుంచి చూస్తే తిత్తులూ కూసాలూ ఒకే గీతగా హోమం పందిరి వైపు నిలబెట్టినట్టు కనిపించాయట. ఊళ్లో అప్పటికే చేతబడి అనే మాట పుట్టింది. ఆయన చేలోకి దిగి, యాకోబు దగ్గరే ఆగాడు. జ్ఞానమ్మ పరుగున పోయింది. రోశమ్మా నేనూ వెనకాలే పోయాం.

"ఏంది పంతులమ్మా ఇది?"

"పాఠం అయ్యా. గ్రహాలు."

"ఏది గ్రహం?"

"మా నాయన చేతుల్లో ఉండేది గురువు."

కొండలరావు తిత్తి వైపు వంగి చూశాడు. "దేవతల గురువును మేకతోలుతో కుట్టినావా?"

"గాలి నిలవాలంటే తోలే కావాల. రాయిని ఊదితే ఉబ్బదు గదా."

"అక్కడ రాళ్లు పెట్టినావు గదా. దాంతో సరిపెట్టుకో. ఈ తోళ్లు తీసి పారెయ్."

"దగ్గరోళ్లు రాళ్లు, దూరమోళ్లు గాలి. సగం మందిని తరిమేసి చెబితే అది పాఠం కాదు."

"మిషను గంజి తాగి నాలుగు ముక్కలు నేర్చినావు. తోలు తగిలితే స్నానం చేసేవాళ్లం మేము. దాన్ని తెచ్చి గురువంటావా?"

జ్ఞానమ్మ గొంతు పెరగలేదు. అది పెరిగి ఉంటే బాగుండేదనిపించింది నాకు.

"పొద్దున నీ బావిలో దిగింది ఏందయ్యా? మా నాయన కుట్టిన బానే గదా. ఆ నీళ్లు నీ మిరపతోట తాగుతాది, నీ ఎద్దులు తాగుతాయి, ఆ కయ్యల్లో పండిన కూర నువ్వు తింటావు. అప్పుడు ఎన్ని స్నానాలు చేస్తుండావు? ఇంకోటి అడుగుతా. ఎల్లుండి లోకం పోతాది గదా. మేకలెందుకు నీకు?"

కొండలరావు జీతగాడి చేతిలోని కొడవలి లాక్కున్నాడు. "దించు దాన్ని," అన్నాడు యాకోబుతో.

యాకోబు దించలేదు. ఎదురు చెప్పలేదు కూడా. ఆ వయసులో, ఆ ఊళ్లో, కొండలరావు ఎదుట ఆయన నోరు ఎన్నడూ లేవలేదు. కానీ చేతులు ఆ తిత్తిని ఇంకా దగ్గరికి అదుముకున్నాయి. కొడవలి మొన ఆ రెండు చేతుల మధ్యనుంచి దిగింది.

ఉస్స్ మంది. పొద్దున్నుంచి జ్ఞానమ్మ పోసిన ఊపిరంతా ఒక్కసారిగా చేలోకి వచ్చేసింది. తంగేడు చెక్క వగరు వాసన మా మధ్య కాసేపు నిలబడింది. యాకోబు చేతుల్లో గురువు ముడతలు పడి, మళ్లీ చచ్చిన మేక తోలై వేలాడింది. ఆయన ముంజేతి మీద సన్నగా నెత్తురు గీత. రాళ్ల జోలికి ఎవరూ పోలేదు.

ఎవరైనా ఏమైనా అనే లోపల రోశమ్మ ముందుకు వచ్చింది. ఆ తోలును తీసుకుని, చిరిగిన చోట వేలు పెట్టి చూసింది.

"ఇది మా బొల్లిపోతు."

"అయితే?" అన్నాడు కొండలరావు.

"పాలు మరవక ముందే తల్లి పోతే నా రొమ్ము కాడ పడుకోబెట్టి సాకినా దీన్ని. చచ్చి ఏడాది కావస్తాంది. చచ్చినదాన్ని పొడిచినావు నువ్వు. బతికినవాటిని నీ చేతికిస్తానా? తాళ్లు తీసుకుని పో సామీ."

"నాలుగు దినాలు పోనీ. నువ్వే తోలుకొచ్చి నా దొడ్డి కాడ నిలబడతావు."

"లోకమే ఉండదంటివి గదా. నాలుగు దినాల మాటెందుకు?" అని రోశమ్మ తోలును భుజం మీద వేసుకుని వెనుదిరిగింది.

జ్ఞానమ్మ తర్వాత నాతో అంది, దూరం చూపిస్తే భయం పోతుందనుకున్నానని. భయం పోలేదు. దానికన్నా పెద్ద కోపం వచ్చి దాన్ని పక్కకు తోసింది, అంతే.

గండం చెప్పిన రోజులు దాటాయి. తెల్లవారి మేకలు మేతకు అరిచాయి. హోమం వల్లే లోకం నిలిచిందని కొండలరావు చెప్పాడు. నిలిచిన లోకంలో ఆయన దొడ్డి నిండా మేకలున్నాయి. వాటిని గిద్దలూరులో అసలు ధరకు అమ్మాడు. అమ్ముకున్నవాళ్లు పోయి అడగలేదు. గ్రహాలతో తగువు లేదని తేలింది గానీ, కొండలరావుతో తగువు పెట్టుకునే ధైర్యం ఎవరి దగ్గరుంది? రోశమ్మ మాత్రం తన మందను ఆయన వాకిలి ముందునుంచే మేతకు తోలుకుపోయేది, చుట్టుదారైనా సరే.

జ్ఞానమ్మ మీద రెండు ఫిర్యాదులు పోయాయి. ఊరివాళ్లు ఆమె గ్రహాలను అవమానించిందన్నారు. అదే మాట చేతులు మారి మిషను పెద్దల దగ్గరికి చేరేసరికి, ఆమె గ్రహాలను పూజించిందని మారింది. అవమానించిన నేరమూ పూజించిన నేరమూ ఒకే మనిషి మీద, ఒకే పొద్దుకు. ఆ రెండూ కలిసి ఎట్ల నిలుస్తాయని ఏ పెద్దమనిషీ అడగలేదు. నేను చూసిన సంగతి రాసి పంపితే, గ్రామసేవకులు ఎరువుల సంగతి చూసుకుంటే చాలునని జవాబు వచ్చింది. ఆమెను గిద్దలూరు అవతల, నల్లమల అంచున, బస్సు పోని ఒక ఊరికి మార్చారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మొన ఎవరిదో, చిల్లు ఎవరికో, శిక్ష ఎవరికో.

పోయే ముందు యాకోబు ఆ తోలుకు అతుకు వేశాడు. ఎర్రగా ఊనిన తోలు ముక్కను కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించి, గాలి పోకుండా దగ్గర దగ్గరగా కుట్టు వేసి కూతురికిచ్చాడు. ఆమె పెట్టెలో బట్టలకన్నా ముందు అది సర్దుకుంది.

చాలా ఏళ్లకు, మార్కాపురం గిద్దలూరు ప్రాంతం కర్నూలు జిల్లా నుంచి విడిపోయి ప్రకాశం జిల్లాలో కలిసిన తర్వాత, నేను పనిమీద ఆ అంచు ఊరికి పోయాను. జ్ఞానమ్మతో నా చివరి మాటలు అప్పుడే. జుట్టు నెరిసింది, గొంతు తగ్గలేదు. బడి దూలానికి గురువు వేలాడుతున్నాడు, పొట్ట మీద ఎర్రటి అతుకుతో. కింద కిటికీలో నల్లరాళ్లు, అరిగి నున్నగా. పక్కనే గోడకు అంటించిన దినపత్రిక ముక్క: ఆకాశంలోకి పంపిన ఒక యంత్రం గురుగ్రహం దగ్గరికి పోయి తీసిన ఫొటో. ఆ ఫొటోలోనూ పొట్ట మీద అట్లాంటి ఎర్రటి గుడ్డు ఆకారమే ఉంది. నేను దాన్నీ దీన్నీ మార్చి మార్చి చూస్తూ నిలబడిపోయాను.

కొండలరావు పోయిన సంగతి చెప్పాను. రోశమ్మ మనవళ్లకు ఇంకా మేకలున్న సంగతి చెప్పాను. అవి విని తలూపింది. ఆనాటి కోపం ఇంకా ఉందా అని అడిగాను. ఆమె లేచి, వేలితో ఆ ఎర్ర అతుకును ఒకసారి తట్టింది. గురువు మెల్లగా తిరిగాడు.

"అది మచ్చ కాదంట సార్, గాలివాన అంట. ఆనుకుని ఆగడానికి నేల లేదు గదా, మూడు వందల ఏండ్ల నించీ తిరుగుతూనే ఉందంట. నా కోపానికింకా ఇరవై గూడా నిండలేదు."